సైకాలజీలో ఏ దారి? తిరుపతి, చిత్తూరు నుంచి చూసేవాళ్ళకు ఒక పోలిక

ఇంటర్ ఫలితాలు వచ్చాక మన వైపు ఇళ్ళలో ఎవరైనా సైకాలజీ చదువుతానంటే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. "అంటే పిచ్చోళ్ళ డాక్టరా మా?" అనేది మొదటిది. "దానికి ఉద్యోగం ఎక్కడుంది?" అనేది రెండోది. మొదటి ప్రశ్నకు పిల్లలు నవ్వేసి, రెండోదానికి జవాబు వెతకడం మొదలుపెడతారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది మొదటి ప్రశ్నే. డాక్టరా, కాదా? డాక్టరు కాకపోతే మరి ఎవరు? మందులు రాయవచ్చా? పరీక్షలు చేసి రిపోర్టు మీద సంతకం పెట్టవచ్చా? మాట్లాడి ధైర్యం చెప్పడం వరకేనా? వీటికి జవాబు తెలిస్తే ఉద్యోగం సంగతి దానంతట అదే తేలుతుంది.

మానసిక వైద్యులు (సైకియాట్రిస్టులు), క్లినికల్ సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు, సైకాలజీ లెక్చరర్లు బయటినుంచి చూసేవాళ్ళకు ఒకేలా కనిపిస్తారు. కానీ ఎవరి చదువు వారిది, ఎవరి చట్టం వారిది. మన దగ్గర చాలామంది ముందు డిగ్రీలో చేరిపోయి, ఎమ్మెస్సీ కూడా అయ్యాక, "ఇప్పుడు ప్రాక్టీస్ పెట్టొచ్చా సార్?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న ఐదేళ్ళ ముందు అడగాల్సింది.

## ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైనది, చదువు అయ్యాక చట్టం మిమ్మల్ని ఏ పని చేయనిస్తుందన్నది. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులు, రిహాబిలిటేషన్ సైకాలజిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కిందికి వస్తారు. అందరూ ఆర్‌సీఐ అనే అంటారు. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్‌లో పేరు ఉన్నవాళ్ళే ఆ హోదాతో పని చేయాలి. పేరు లేకుండా చేస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జరిమానా చూస్తే నవ్వొస్తుంది గానీ జైలు మాట మాత్రం చట్టంలో ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో స్పష్టంగా చెప్పింది. ఆర్‌సీఐ గుర్తించిన అర్హత, లేదా సైకాలజీ పీజీ మీద రెండేళ్ళ పూర్తికాల ఎం.ఫిల్, అందులో సీనియర్ల పర్యవేక్షణలో రోగులతో శిక్షణ ఉండాలి. ఉత్త ఎమ్మే, ఎమ్మెస్సీ సరిపోవు.

మిగతా సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, సోషల్ వర్కర్ల కోసం 2021లో ఇంకో చట్టం వచ్చింది. నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం అది. 'బిహేవియరల్ హెల్త్ సైన్సెస్' అనే పేరుతో వీళ్ళందరినీ ఒక గొడుగు కిందికి తెచ్చింది. అంటే ఇన్నాళ్ళూ ఎవరూ అడగని కౌన్సెలర్ల చదువుకు కూడా ఇకమీద లెక్కాపత్రం ఉంటుంది.

రెండోది శిక్షణ. పుస్తకం చదివి పరీక్ష రాయడం వేరు, డిప్రెషన్‌లో ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని కేస్ హిస్టరీ రాసి, సీనియర్ చేత తిట్లు తిని మళ్ళీ రాయడం వేరు. మూడోది ఏళ్ళు, ఖర్చు. నాలుగోదాన్ని బ్రోచర్లలో రాయరు. ఇల్లు వదిలి బెంగళూరో, చెన్నైయో, హైదరాబాదో రెండేళ్ళు వెళ్ళగలరా? మన ఊళ్ళలో చాలామంది ఆడపిల్లల చదువు నిలిచిపోయేది ఇక్కడే, మార్కుల దగ్గర కాదు.

| దారి | ఇంటర్ తర్వాత ఏళ్ళు | చివరికి ఏం చేయవచ్చు | ఊరు వదలాలా? |
|---|---|---|---|
| మానసిక వైద్యులు | సుమారు 8½ (ఎంబీబీఎస్, ఎండీ) | వ్యాధి నిర్ధారణ, మందులు, చికిత్స | సీటు ఎక్కడొస్తే అక్కడికి |
| క్లినికల్ సైకాలజిస్టు | సుమారు 7 (డిగ్రీ, పీజీ, ఎం.ఫిల్ స్థాయి శిక్షణ) | మానసిక పరీక్షలు, రిపోర్టులు, థెరపీ, మందులు రాయరు | చివరి రెండేళ్ళకు దాదాపు తప్పదు |
| స్కూలు, కాలేజీ కౌన్సెలర్ | 5, డిప్లొమా చేస్తే 6 | విద్యార్థులకు కౌన్సెలింగ్, అవసరమైతే పైకి పంపడం | అక్కర్లేదు |
| సైకియాట్రిక్ సోషల్ వర్కర్ | 5 నుంచి 7 (సోషల్ వర్క్ పీజీ, అంటే ఎంఎస్‌డబ్ల్యూ, ఆపై ఎం.ఫిల్) | రోగి కుటుంబంతో, ఊరితో పని | పీజీ వరకు అక్కర్లేదు |
| లెక్చరర్, పరిశోధన | పీజీ, నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) కలిపి 5 లేదా 6. పీహెచ్‌డీ అదనం | బోధన, పరిశోధన | అక్కర్లేదు, కానీ ఖాళీలు తక్కువ |

## క్లినికల్ సైకాలజిస్టు: అందరూ కోరుకునేది, అందరూ చివరిదాకా వెళ్ళనిది

సైకాలజీ అనగానే పిల్లల మనసులో మెదిలేది ఈ పనే. మనిషితో కూర్చుని మాట్లాడటం, ఐక్యూ పరీక్షలు, వ్యక్తిత్వ పరీక్షలు చేయడం, ఆలోచనలను, అలవాట్లను మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ లాంటి పద్ధతుల్లో వారాల తరబడి పని చేయడం. సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ కోసం వచ్చే పిల్లల బుద్ధి స్థాయి అంచనా వేయడం దగ్గర్నుంచి, మద్యం మానలేని మనిషికి మళ్ళీ తాగాలనిపించే వేళల్ని ముందే గుర్తుపట్టడం నేర్పేదాకా పని చాలా రకాలుగా ఉంటుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందంలోనూ క్లినికల్ సైకాలజిస్టుకు చోటుంది.

దారి ఇలా ఉంటుంది. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు, బైపీసీయే ఉండాలని లేదు. హెచ్‌ఈసీ, సీఈసీ పిల్లలు కూడా రావచ్చు. డిగ్రీలో సైకాలజీ ఉంటే మంచిది. మన రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో జరుగుతాయి కాబట్టి ఆప్షన్లు పెట్టే ముందు ఏ కాలేజీలో సైకాలజీ మేజర్‌గా ఉందో చూసుకోవాలి. తర్వాత పీజీ. తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగం ఉంది. 1954లో పెట్టిన యూనివర్సిటీ అది. రాష్ట్ర యూనివర్సిటీల పీజీ సీట్లకు ఏపీ పీజీసెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, పాండిచ్చేరి యూనివర్సిటీ లాంటి వాటికి సీయూఈటీ పీజీ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీకి ప్రత్యేక కేంద్రమే ఉంది. పాండిచ్చేరిలో అప్లయిడ్ సైకాలజీ విభాగం ఉంది.

పీజీలో 55 శాతం మార్కులు అవసరం, రిజర్వేషన్ వర్గాలకు 50. ఇది గుర్తుపెట్టుకోండి. పీజీలో ఎలాగో గట్టెక్కితే చాలనుకున్నవాళ్ళకు ఎం.ఫిల్ గేటు దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది. ఇంకో సంగతి: సైకాలజీ అంటే మనుషుల కథలే అనుకుని వచ్చినవాళ్ళను మొదటి ఏడాదిలో స్టాటిస్టిక్స్ బెదరగొడుతుంది. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం, ప్రయోగశాల రికార్డులు తప్పవు. లెక్కలంటే అసలు పడనివాళ్ళు ఇది ముందే తెలుసుకుని రావాలి.

ఆ తర్వాత అసలు మెట్టు, ఎం.ఫిల్. బెంగళూరులోని నిమ్హాన్స్, రాంచీలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ ఈ రంగంలో పెద్ద పేర్లు. చెన్నై పోరూరులో శ్రీ రామచంద్ర విద్యాసంస్థ ఉంది. ప్రభుత్వ సంస్థల్లో సీట్లు బాగా తక్కువ, పోటీ తీవ్రం. ప్రైవేటులో సీటు దొరకవచ్చు గానీ ఫీజు లక్షల్లోకి వెళుతుంది.

ఇప్పుడు ఈ మెట్టే మారుతోంది. జాతీయ విద్యా విధానం ఎం.ఫిల్ వద్దంది, యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ 2022లో దాన్ని ఆపేసింది. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్‌లకు మాత్రం 2025-26 ప్రవేశాల వరకు మినహాయింపు ఇచ్చింది. మరోవైపు ఆర్‌సీఐ నాలుగేళ్ళ బీఎస్సీ ఆనర్స్ క్లినికల్ సైకాలజీ, సై.డి. (డాక్టర్ ఆఫ్ సైకాలజీ) లాంటి కోర్సులను తెచ్చింది. కాబట్టి మీ సీనియర్ నడిచిన దారి మీరు వెళ్ళేసరికి అలాగే ఉంటుందనుకోకండి. మీరు చేరే ఏడాదికి, మీరు చేరే సంస్థకు, ఆ కోర్సుకు ఆర్‌సీఐ ఆమోదం ఉందా అన్నది ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోనే చూడాలి. కాలేజీ వాళ్ళ మాట మీద నమ్మి చేరొద్దు.

ఈ దారిలో మన జిల్లాల పిల్లలకు ఒక లాభం ఉంది, దాన్ని వాళ్ళే గుర్తించరు. కుప్పం, పలమనేరు వైపు పిల్లలకు తెలుగుతో పాటు కన్నడమో తమిళమో ఎంతోకొంత వచ్చే ఉంటుంది. చిత్తూరు, నగరి వైపు తమిళం ఇంటి భాషలాంటిది. నిమ్హాన్స్ ఓపీలో మూడు భాషల వాళ్ళూ వస్తారు. రోగి భాషలో అడిగితే వచ్చే జవాబు దుబాసీ పెట్టి అడిగితే రాదు.

## మానసిక వైద్యులు: నీట్ రాసేవాళ్ళకే

బైపీసీ చదివి నీట్‌లో మంచి ర్యాంకు వచ్చినవాళ్ళకు ఇందులో పెద్ద గందరగోళం లేదు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, ఎండీ సైకియాట్రీ మూడేళ్ళు. తిరుపతిలో 1960 నుంచి ఎస్వీ మెడికల్ కాలేజీ ఉంది, దానికి అనుబంధంగా రుయా ఆసుపత్రి ఉంది. మందులు రాసే అధికారం, ఆసుపత్రిలో చేర్చుకునే అధికారం ఈ దారిలోనే వస్తాయి. సంపాదనా, స్థిరత్వమూ అన్నిటికంటే ఎక్కువ.

ఇబ్బంది ఎక్కడంటే, రద్దీగా ఉండే ఓపీలో ఒక్కో మనిషికి దొరికే సమయం తక్కువ. మనిషితో గంటసేపు కూర్చుని మాట్లాడటమే మీకు ఇష్టమైతే డాక్టరయ్యాక ఆ గంట దొరక్కపోవచ్చు.

నీట్ మూడోసారి, నాలుగోసారి రాసి విసిగిపోయినవాళ్ళు "సరే, సైకాలజీ అయినా చేద్దాం" అని వస్తుంటారు. అందులో తప్పు లేదు. కానీ ఆ 'అయినా' పోవాలి. ఎంబీబీఎస్ రాలేదన్న బాధతో చేరినవాళ్ళు రెండో సెమిస్టర్‌కే బేజారవుతారు.

## కౌన్సెలర్: తిరుపతిలోనే ఉండి చేయగలిగింది

తిరుపతి చుట్టూ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు ఎన్ని ఉన్నాయో వేరే చెప్పక్కర్లేదు. హాస్టళ్ళలో ఉన్న పిల్లల టెన్షన్ ఏ స్థాయిలో ఉంటుందో వార్తల్లో చూస్తూనే ఉన్నాం. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ ఉద్యోగాల మీద నేరుగా ప్రభావం చూపేదే. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న విద్యార్థిని మరణం కేసు అది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని కోర్టు చెప్పింది. సీబీఎస్‌ఈ స్కూళ్ళకు కౌన్సెలర్ ఉండాలన్న నిబంధన అంతకు ముందు నుంచే ఉంది.

ఈ దారికి సైకాలజీ పీజీ చాలు. దాని మీద ఎన్‌సీఈఆర్‌టీ నడిపే గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా చేస్తే ఇంకా మంచిది. 23, 24 ఏళ్ళకే ఉద్యోగంలో చేరవచ్చు. పీజీ వరకు ఇల్లు వదలక్కర్లేదు.

కానీ ఉద్యోగంలో చేరే ముందు ఒక మాట గట్టిగా అడగండి. కొన్ని ప్రైవేటు సంస్థల్లో కౌన్సెలర్ పేరుతో తీసుకుని, వేసవి వచ్చేసరికి తల్లిదండ్రులకు అడ్మిషన్ల ఫోన్లు చేయిస్తారు. ఇంకొన్నిచోట్ల మూడు క్యాంపస్‌లకూ కలిపి ఒకే కౌన్సెలర్. పిల్లలతో ఒంటరిగా మాట్లాడటానికి గది ఉందా? పిల్లలు చెప్పింది ప్రిన్సిపాల్‌కు చెప్పాలని ఒత్తిడి చేస్తారా? ఆత్మహత్య ఆలోచన ఉన్న విద్యార్థి కనిపిస్తే ఏ డాక్టరు దగ్గరికి పంపే ఏర్పాటు ఉంది? వీటికి సూటిగా జవాబు చెప్పలేని చోట జీతం ఎంతిచ్చినా నిలవలేరు.

ఇంకో పరిమితి ఉంది. కౌన్సెలర్‌గా ఉంటూ బోర్డు మీద క్లినికల్ సైకాలజిస్టు అని రాసుకోకూడదు. ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో ఇలా బోర్డులు పెట్టినవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళను చూసి ఇది దగ్గరి దారి అనుకోవద్దు.

## సోషల్ వర్క్ వైపు నుంచి

ఈ దారి గురించి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త చెప్పాలి. శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ విభాగం ఉంది. ఎంఎస్‌డబ్ల్యూ చేసి ఆసుపత్రుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, ప్రభుత్వ కార్యక్రమాల్లో పని చేయవచ్చు. తర్వాత సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో పై చదువు చేస్తే మానసిక ఆసుపత్రి బృందంలో స్థానం ఉంటుంది. రోగిని ఒంటరిగా కాక కుటుంబంతో కలిపి చూడటం ఈ పని సారం. చిత్తూరుకు పక్కనే ఉన్న వేలూరు సీఎంసీ మానసిక విభాగం ఇంటివాళ్ళను కూడా రోగితో పాటే ఉంచుకుని చూసే పద్ధతికి పేరుపడింది. కాట్పాడి రైలెక్కితే అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ విభాగం ఎలా పని చేస్తుందో అడిగి తెలుసుకుంటే ఈ వృత్తి మీద భ్రమలు చాలా పోతాయి.

పరీక్షలు, థెరపీ కంటే ఊళ్ళు తిరగడం, పింఛను కాగితాలు నడపడం, ఇంటికి వెళ్ళి మాట్లాడటం ఇష్టమున్నవాళ్ళకు ఇది సరైనది. కుర్చీలో కూర్చునే పని కావాలనుకునేవాళ్ళకు కాదు.

## లెక్చరర్, కంపెనీ ఉద్యోగాలు

వీటి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే నెలకు 37 వేల ఫెలోషిప్‌తో ఎస్వీయూలోనే పరిశోధన చేసుకోవచ్చు. చదువు మీద నిజంగా మోజు ఉన్నవాళ్ళకు ఇది సుఖమైన దారి. కాకపోతే సైకాలజీ పెట్టే డిగ్రీ కాలేజీలు తక్కువ కాబట్టి లెక్చరర్ పోస్టులూ తక్కువే. శ్రీసిటీ పరిశ్రమల్లో హెచ్‌ఆర్ ఉద్యోగాలకు సైకాలజీ పీజీ పనికొస్తుంది, కానీ అక్కడ మీకు పోటీ ఎంబీఏ వాళ్ళు. ఉద్యోగమే ముఖ్యమనుకుంటే ఎంబీఏ చేయడమే నయం.

పిల్లలతో పని ఇష్టమై, త్వరగా సంపాదన కావాలంటే స్పెషల్ ఎడ్యుకేషన్ చూడండి. ఇంటర్ తర్వాత స్పెషల్ డీఎడ్, డిగ్రీ తర్వాత స్పెషల్ బీఎడ్, రెండూ రెండేళ్ళే. ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ వస్తుంది. ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కేంద్రాల్లో వీళ్ళ అవసరం ఎప్పుడూ ఉంటుంది.

## మీ పరిస్థితి ఇలా ఉంటే

ఇంటర్ అయిపోయి, ఇంట్లో ఏడేళ్ళు ఆగగలిగే స్తోమత ఉంటే: క్లినికల్ దారినే నేరుగా పెట్టుకోండి. డిగ్రీ నుంచే స్టాటిస్టిక్స్ మీద, ఇంగ్లీషు మీద శ్రద్ధ పెట్టండి. ప్రవేశ పరీక్షలు, కేసు రిపోర్టులు అన్నీ ఇంగ్లీషులోనే.

ఆడపిల్ల, ఇంట్లో 22 దాటగానే సంబంధాలు చూస్తారని తెలిస్తే: ఈ మాట రాయడం నాకు ఇష్టం లేదు, కానీ ఇది నిజం కాబట్టి రాస్తున్నాను. పీజీ వరకు తిరుపతిలోనే పూర్తి చేసి, కౌన్సెలర్‌గా ఒక ఏడాది పని చేసి, చేతిలో సొంత సంపాదన పెట్టుకుని అప్పుడు ఎం.ఫిల్ స్థాయి కోర్సు మాట ఎత్తితే ఇంట్లో వినే అవకాశం ఎక్కువ. సంబంధం కుదిరే సమయంలోనే ఆ రెండేళ్ళ సంగతి అవతలివాళ్ళకు చెప్పించండి. పెళ్ళయ్యాక ఒప్పిద్దామనుకుంటే చాలాసార్లు కుదరదు.

పెళ్ళై, పిల్లలుండి, ఇంట్లోంచి చదవాలనుకుంటే: ఒకప్పుడు దూరవిద్యలో ఎమ్మే సైకాలజీ చేసేవాళ్ళు. 2025 జులై-ఆగస్టు నుంచి కొత్త ప్రవేశాలకు ఆ తలుపు మూసేశారు. 2021 చట్టం కిందికి వచ్చే చదువులను దూరవిద్యలోనూ, ఆన్‌లైన్‌లోనూ నడపకూడదని యూజీసీ చెప్పింది, అందులో సైకాలజీ పేరు కూడా ఉంది. ఇంకా ఎవరైనా ఇంట్లో కూర్చునే ఎమ్మే సైకాలజీ ఇస్తామంటే డబ్బు కట్టొద్దు. తిరుపతిలో ఉన్నవాళ్ళకు రెగ్యులర్ పీజీ కాస్త కష్టమైనా కుదురుతుంది. మదనపల్లె, పుంగనూరు వైపు వాళ్ళకు రోజూ వచ్చిపోవడం అసాధ్యం. హాస్టల్‌లో ఉండటమా, ఈ చదువు వదులుకోవడమా అన్నది వాళ్ళు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి.

టీచరుగా పని చేస్తూ పిల్లల సమస్యలు అర్థం చేసుకోవాలనుకుంటే: పీజీ అక్కర్లేదు, ఎన్‌సీఈఆర్‌టీ డిప్లొమా చాలు. రాత్రివేళ ఎవరైనా విద్యార్థి గురించి భయం కలిగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలి మానస్ 14416 నంబరు ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంజినీరింగ్ చేసి, ఐటీ ఉద్యోగం మీద విసుగుతో సైకాలజీ వైపు చూస్తుంటే: సైకాలజీ పీజీలో ఏ డిగ్రీ వాళ్ళను తీసుకుంటారో ఆయా యూనివర్సిటీల నోటిఫికేషన్లలో ముందు చూడండి. కానీ ఉద్యోగం మానేసే ముందు నెల రోజులైనా ఏదైనా స్వచ్ఛంద సంస్థలో వాలంటీరుగా పని చేయండి. ఒకే కథను అదే బాధతో పదిసార్లు వినగలరా, చూడండి. ఇంకో లెక్క కూడా వేసుకోండి: క్లినికల్ దారి అయితే పీజీ, ఎం.ఫిల్ స్థాయి శిక్షణ కలిపి నాలుగేళ్ళ పాటు జీతం ఉండదు, ఆ తర్వాత మొదటి జీతం మీరు ఇప్పుడు తీసుకుంటున్నదానికంటే తక్కువే ఉంటుంది.

## ఫీజు కట్టే ముందు

క్లినికల్ కోర్సు పేరుతో ఏ సంస్థ డబ్బు అడిగినా వీటికి జవాబు కాగితం మీద తీసుకోండి. ఈ విద్యా సంవత్సరానికి ఆర్‌సీఐ అనుమతి పత్రం ఉందా? పూర్తయ్యాక వచ్చే రిజిస్ట్రేషన్ క్లినికల్ సైకాలజిస్టుగానా, వేరే హోదాతోనా? శిక్షణ ఇచ్చే ఫ్యాకల్టీ రిజిస్టర్డ్ క్లినికల్ సైకాలజిస్టులేనా, వాళ్ళ రిజిస్ట్రేషన్ నంబర్లు ఏమిటి? శిక్షణ ఏ ఆసుపత్రిలో, రోజుకు ఎంతమంది రోగులు వస్తారు? ఎన్ని కేసులు మీరే స్వయంగా చూడాలి? ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా? వర్తించకపోతే రెండో ఏడాది ఫీజు ఎంత పెరుగుతుంది?

నంబర్లు చెప్పడానికి తటపటాయిస్తే ఆ సంస్థను వదిలేయండి. రిజిస్టర్‌లో ఎవరి పేరు ఉందో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు, అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. రిజిస్ట్రేషన్ వచ్చాక కూడా ఐదేళ్ళకోసారి రెన్యువల్ ఉంటుంది, అందుకోసం వర్క్‌షాపులకు హాజరై పాయింట్లు కూడబెట్టుకోవాలి. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.